పంచాయతీ, మండల ఆఫీసుల్లో మన ఊరి పని చేయించుకోవడం ఎలా: అర్జీ దగ్గర్నుంచి ఆర్టీఐ దాకా

"మా వీధి కాలువ పూడిపోయి నెలలు అవుతోంది, సర్పంచ్‌కి చెప్పాం, సెక్రటరీకి చెప్పాం, చూద్దాం చూద్దాం అంటున్నారు, ఇంకేం చెయ్యాలి?" ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి కాలువ, ఇంకొకరికి వీధి లైటు, మరొకరికి కుళాయి నీళ్ళు. సమస్య ఏదైనా అందరూ ఆగిపోయేది మాత్రం ఒకేచోట, నోటితో చెప్పడం దగ్గర.

నోటితో చెప్పిన మాట ఆఫీసులో ఎక్కడా ఉండదండి. ఆ ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయిపోతే మీరు మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవాలి. అదే కాగితం మీద రాసిచ్చి, తేదీ, నంబర్ వేయించుకుంటే కుర్చీలో ఎవరున్నా దానికి జవాబు చెప్పాల్సిందే. ఈ గైడ్ అంతా ఆ కాగితాన్ని ఎలా తయారు చెయ్యాలి, ఎవరికివ్వాలి, కదలకపోతే ఎలా కదిలించాలి అనే దాని గురించే.

ఇది ఆంధ్రా, తెలంగాణ గ్రామ పంచాయతీలు, మండల కేంద్రాల్లో ఉండే చిన్న ఊళ్ళ కోసం. మీది నగర పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ అయితే సెక్రటరీ అన్నచోటల్లా కమిషనర్ అని చదువుకోండి, మిగతాదంతా దాదాపు ఇంతే.

1. ముందు ఆ పని ఎవరిదో తేల్చుకోండి

సగం అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి. పొలం గట్టు తగాదా తీసుకెళ్ళి పంచాయతీలో ఇస్తారు, కరెంటు స్తంభం ఒరిగిపోయిందని తహసీల్దార్‌కి ఇస్తారు, వాళ్ళేమో "మాది కాదు" అని పక్కన పెడతారు. తప్పు వాళ్ళది కూడా ఉంది, సరైన ఆఫీసుకి పంపొచ్చు కదా, కానీ దాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే మన టైమే పోతుంది.

స్థూలంగా ఇలా ఉంటుంది:

- వీధి లైట్లు, కాలువలు, చెత్త, ఊళ్ళో లోపలి రోడ్లు, ట్యాంకు నీళ్ళ సరఫరా, ఇంటి పన్ను, ఇంటి ప్లాన్ పర్మిషన్, జనన మరణ రిజిస్ట్రేషన్: గ్రామ పంచాయతీ. చూడాల్సింది పంచాయతీ కార్యదర్శి, సర్పంచ్.
- నీటి పథకం మెయిన్ పైపులైను, కొత్త ట్యాంకు: ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్.
- సీసీ రోడ్డు, కొత్త డ్రైన్ లాంటి కట్టుబడి పనుల ఎస్టిమేట్లు, కొలతలు: పంచాయతీరాజ్ ఏఈ.
- భూమి రికార్డులు, సర్వే, కుల ఆదాయ సర్టిఫికెట్లు, ప్రభుత్వ స్థలం ఆక్రమణ: తహసీల్దార్ ఆఫీసు. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసు అనే అంటారు.
- స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్: డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లైన్‌మన్, ఆ పైన కరెంటు ఏఈ. వీధి దీపం బల్బు మాత్రం పంచాయతీదే, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.
- ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు: ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ).

గ్రామస్థాయి పోస్టుల పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ మారుతూ వస్తున్నాయి. తెలంగాణలో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థని 2020లో తీసేశారు, 2025లో గ్రామ పాలనాధికారుల్ని పెట్టారు. ఆంధ్రాలో 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, అక్కడ వీఆర్వో, సర్వేయర్, ఇంజనీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్ ఒకే కప్పు కింద కూర్చుంటారు. కాబట్టి పాత పేరు గుర్తుపెట్టుకుని రాయకుండా ఒకసారి ఆఫీసుకి వెళ్ళి బోర్డు మీద ఏ హోదా రాసుందో అదే రాయండి.

ఇంకో సంగతి, సర్పంచ్ పదవీకాలం అయిపోయి ఎలక్షన్ జరగకపోతే స్పెషల్ ఆఫీసర్ని పెడతారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఇలాగే నడిచింది. అలాంటప్పుడు అర్జీ స్పెషల్ ఆఫీసర్ హోదాకి రాసి, కార్యదర్శికి ఇవ్వాలి.

2. అర్జీ రాసే ముందు పోగు చేసుకోవాల్సినవి

ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది గానీ ఇది చేసినవాళ్ళ అర్జీకి, చెయ్యనివాళ్ళ అర్జీకి చాలా తేడా ఉంటుంది. అర్జీ చదివే క్లర్కుకి మీ వీధి తెలియదు, అతను చూడకుండానే అతనికి అర్థమయ్యేలా ఉండాలి.

- వార్డు నంబర్, వీధి పేరు, ఎవరింటి దగ్గర్నుంచి ఎవరింటి దాకా (డోర్ నంబర్లతో).
- సుమారు కొలత. కాలువ అయితే ఎన్ని మీటర్లు పూడింది, లైటు అయితే స్తంభం నంబర్. స్తంభాల మీద పెయింటుతో నంబర్ రాసుంటుంది చూడండి.
- ఫోటోలు మూడు నాలుగు. ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి, దూరంది గుడో బడో ఏదో ఒక గుర్తు కనిపించేలా. తేదీ పడే యాప్‌తో తీస్తే ఇంకా మంచిది.
- ఎప్పట్నుంచి ఉంది, దానివల్ల ఎవరికేం ఇబ్బంది (పక్కనే అంగన్‌వాడీ ఉందా, తాగునీటి పైపు ఆ కాలువలోంచే పోతోందా, ఇలాంటివి).
- ఇంతకుముందు ఎవరికి, ఎప్పుడు చెప్పారు.
- ఆ వీధివాళ్ళ సంతకాలు, ఫోన్ నంబర్లు. ఇరవై సంతకాలు ఉండాలని రూలేం లేదు, ఒక్కరిచ్చినా అర్జీయే. కానీ పదిమంది ఉంటే ఒక్కరి మీద ఒత్తిడి రాదు. చిన్న ఊళ్ళో ఈ విషయం నిజంగా ముఖ్యం, ఎందుకంటే రేపు పొద్దున్న అందరూ ఒకే కిరాణా కొట్టు దగ్గర ఎదురుపడాలి.

తాగునీటి పైపు మురుగు కాలువలోంచి పోతుంటే దాన్ని మొదటి వాక్యంలోనే రాయండి. శుభ్రత సమస్య కన్నా ఆరోగ్య సమస్య అన్నదానికి ఏ ఆఫీసులోనైనా ముందు స్పందిస్తారు, అది నిజం కూడా.

3. అర్జీ రాయడం

ఒక పేజీ దాటొద్దు. ఒక అర్జీలో ఒకే సమస్య. ఈ రెండోది మాత్రం ఎంత చెప్పినా వినరు, "ఎలాగూ వెళ్తున్నాం కదా" అని లైటు, కాలువ, పెన్షన్, రేషన్ కార్డు అన్నీ ఒకే కాగితంలో కలిపేస్తారు. ఆ కాగితం నాలుగు సెక్షన్లకి వెళ్ళాలి, ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది, చివరికి ఏ ఒక్క సెక్షనూ తనదనుకోదు. నాలుగు సమస్యలుంటే నాలుగు అర్జీలు ఇవ్వండి.

ఇలా రాస్తే చాలు:

తేదీ: ____
గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,
____ గ్రామ పంచాయతీ, ____ మండలం.

విషయం: ____ వార్డు, ____ వీధిలో డ్రైనేజీ కాలువ పూడిక తీయించడం గురించి.

అయ్యా / అమ్మా,
పై వీధిలో డోర్ నం. ____ నుంచి డోర్ నం. ____ వరకు సుమారు ____ మీటర్ల మేర కాలువ పూడిపోయి మురుగు నీరు రోడ్డు మీదకు వస్తోంది. తాగునీటి పైపు ఇదే కాలువ పక్కగా పోతోంది. ____ నెల నుంచి ఈ పరిస్థితి ఉంది. ____ తేదీన మీ దృష్టికి మౌఖికంగా తెచ్చాము.

కాబట్టి (1) కాలువ పూడిక తీయించవలసిందిగా, (2) ఈ అర్జీపై తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.

జత: ఫోటోలు ____, సంతకాల పేజీ 1.
పేరు, చిరునామా, ఫోన్, సంతకం.

ఆ రెండో పాయింట్ మర్చిపోకండి. రాతపూర్వకంగా చెప్పమని అడిగితే ఆఫీసు వాళ్ళు ఎండార్స్‌మెంట్ ఇవ్వాల్సిన పరిస్థితి వస్తుంది, అంటే "మీ అర్జీ పరిశీలించాం, ఫలానా కారణంగా ఇలా చేశాం, లేదా చేయలేం" అని ఒక కాగితం. చేయలేం అని రాసిచ్చినా మనకి మంచిదే, పైకి వెళ్ళడానికి అదే ఆధారం.

కోపం వచ్చి ఉంటుంది, తెలుసు. కానీ "మీరు నిద్రపోతున్నారా", "లంచాలకి అలవాటుపడి" లాంటి మాటలు అర్జీలో పెడితే మీ సమస్య పక్కకెళ్ళి ఆ మాటల మీదే గొడవ నడుస్తుంది. కొలత, తేదీ, వీధి. అవే గట్టి మాటలు.

4. ఇవ్వడం, నంబర్ తీసుకోవడం

మొత్తం గైడ్‌లో ఒక్క స్టెప్పే గుర్తుపెట్టుకుంటాం అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళాలి. ఒకటి ఆఫీసుకి. రెండోదాని మీద "అందినది" అని రాయించి, తేదీ, సంతకం, ఆఫీసు రౌండ్ సీల్ వేయించుకోవాలి. మండల ఆఫీసుల్లో తపాల్ తీసుకునే క్లర్కు ఒకరుంటారు, వాళ్ళు ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించి నంబర్ ఇస్తారు. ఆ నంబర్ మీ కాపీ మీద రాయించుకోండి. ఆఫీసర్ గారి చేతికే ఇవ్వాలని గంటలు గంటలు బయట నిలబడనక్కర్లేదు, ఆయన చేతికిచ్చినా అది తిరిగి తపాల్‌కే రావాలి, లేకపోతే నంబర్ పడదు.

పంచాయతీలో ఇన్‌వర్డ్ సరిగ్గా మెయింటెయిన్ చెయ్యకపోవచ్చు, కార్యదర్శి ఫీల్డులో ఉన్నారు తర్వాత రండి అనొచ్చు, సీల్ లేదు అనొచ్చు. అప్పుడు చెయ్యాల్సినవి:

- ముందు మర్యాదగా ఇంకోసారి అడగండి, "సార్, మా కాపీ మీద తేదీ వేసి సంతకం పెడితే చాలు".
- ఆంధ్రాలో అయితే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కించి రసీదు తీసుకోండి.
- అప్పటికీ తీసుకోకపోతే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే, డెలివరీ అయినట్టు రుజువు కావాలని కౌంటర్‌లో చెప్పండి. ఆ స్లిప్పు పారేయకుండా కాపీకి పిన్ చేసి పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది కూడా చూసుకోవాలి. సోమవారం చాలామంది ఆఫీసర్లు గ్రీవెన్స్ డే పనిలో ఉంటారు. మధ్యలో వీడియో కాన్ఫరెన్సులు, టెలీ కాన్ఫరెన్సులు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు పొద్దున్న పదిన్నర పదకొండు మధ్య వెళ్తే మనిషి దొరికే అవకాశం ఎక్కువ. కార్యదర్శి ఒక్కరే రెండు పంచాయతీలు చూస్తున్నట్టయితే ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో ముందే కనుక్కోండి.

ఒరిజినల్ పట్టా, ఒరిజినల్ సర్టిఫికెట్ ఎవ్వరికీ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, జిరాక్స్ మీద "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

5. ఆ తర్వాత కనుక్కోవడం ఎలా

ఇచ్చిన మర్నాడే వెళ్ళి "ఏమైంది" అంటే చిరాకు పడతారు, మూడు నెలలు వదిలేస్తే మర్చిపోతారు. ఒక వారం పదిరోజులు ఆగి ఒకసారి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "మా పని ఏమైంది" అని అడగొద్దు, "ఇన్‌వర్డ్ నంబర్ ఇది సార్, ఫైలు ఎవరి దగ్గరుంది" అని అడగండి. మొదటిదానికి "చూస్తున్నాం" అని చెప్పి పంపించేయొచ్చు, రెండోదానికి ఒక మనిషి పేరో సెక్షన్ పేరో చెప్పి తీరాలి.

ఎందుకు ఆగిందో కనుక్కోండి. నిజంగానే కారణం ఉండొచ్చు. పారిశుద్ధ్య కార్మికులకి జీతాలు రాక పనిలోకి రావట్లేదా, ట్రెజరీలో బిల్లు ఆగిందా, కాలువ మీద ఎవరో మెట్లు కట్టుకుని తియ్యనివ్వట్లేదా, పక్క పంచాయతీ హద్దు తగాదానా? కారణం తెలిస్తే మన రెండో అర్జీ దాని మీద రాయొచ్చు. మెట్ల సమస్య అయితే పూడిక తియ్యమని వందసార్లు రాసినా లాభం లేదు, ఆక్రమణ తొలగించమని రాయాలి.

నిధులు లేవు అన్న మాట బాగా వినిపిస్తుంది. దాన్ని నమ్మనూ వద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు, చూసుకోండి. కేంద్రం వాళ్ళ ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ పేరు కొడితే ఆ ఏడాది ప్లాన్, ఆర్థిక సంఘం డబ్బు ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చు రాశారు అన్నీ కనిపిస్తాయి, లాగిన్ అక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 మార్చి దాకా ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే కేటాయించింది. అంటే ఆ కాలంలో కాలువ పనికి డబ్బు అడగడం అంటే వేరే పద్దులోంచి తెమ్మనడం కాదు, దానికోసమే వచ్చిన దాన్ని వాడమనడం. ఈ విషయం తెలిసి మాట్లాడినవాళ్ళకి వచ్చే సమాధానం వేరేలా ఉంటుంది.

ఇంకో మాట. మన ఊరి కార్యదర్శి చాలాసార్లు పాతికేళ్ళ కుర్రాడో అమ్మాయో అయి ఉంటారు, పొద్దున్నే శానిటేషన్ ఫోటోలు యాప్‌లో పెట్టాలి, పన్ను వసూలు టార్గెట్, సర్వేలు, పైనుంచి ఫోన్లు. వాళ్ళని శత్రువులా చూడొద్దండి. మనం కొలత, ఫోటో, సంతకాలు అన్నీ సిద్ధంగా ఇచ్చామంటే వాళ్ళు పైవాళ్ళకి రాయడం తేలికవుతుంది, నిజంగా పని చెయ్యాలనుకునే ఆఫీసర్‌కి అలాంటి అర్జీ ఒక సాయం. మర్యాద అలా ఇస్తూనే కాగితం మాత్రం వదలకూడదు.

6. గ్రామసభలో పెట్టించడం

కొత్త కాలువ, కొత్త పైపులైను, సీసీ రోడ్డు లాంటివి పూడిక తీసినంత తేలిగ్గా అవ్వవు. వాటికి ప్లాన్‌లో చోటు ఉండాలి. ప్రతి పంచాయతీ ఏడాదికొకసారి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, జీపీడీపీ అంటారు, తయారు చేస్తుంది, దానికి గ్రామసభలు చాలావరకు అక్టోబర్ 2 దగ్గర్నుంచి మొదలవుతాయి. ఆ సభకి మనం వెళ్ళకపోతే వెళ్ళిన పదిమంది చెప్పిన పనులే ప్లాన్‌లోకి వెళ్తాయి.

- సభ తేదీ ముందే కార్యదర్శిని అడగండి. దండోరా వేయిస్తారనో వాట్సాప్‌లో పెడతారనో నమ్ముకుని ఉండొద్దు.
- అర్జీ కాపీ తీసుకెళ్ళండి. సభలో లేచి చెప్పడంతో ఆగకుండా మినిట్స్ బుక్‌లో రాయమని అడగండి.
- సంతకాలు పెట్టే ముందు పైన రాసింది చదవండి. ఖాళీ పేజీలో సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ఈ అలవాటు చాలా ఊళ్ళలో ఉంది, తర్వాత ఆ పేజీలో ఏం తీర్మానం వచ్చి కూర్చుంటుందో మనకి తెలియదు.
- తర్వాత వారంలో వెళ్ళి తీర్మానం నంబర్ కనుక్కోండి.

మహిళా సంఘాల వాళ్ళని తప్పకుండా కలుపుకోండి. నీళ్ళ సమస్య, కాలువ సమస్య రోజూ పడేది వాళ్ళే, సభలో ఇరవై మంది ఆడవాళ్ళు లేచి ఒకే మాట అడిగితే దాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

7. పై మెట్టు ఎక్కడం

సుమారు నెలరోజులు చూసినా కదలిక లేకపోతే పైకి వెళ్ళొచ్చు. వరస ఇది: పంచాయతీ కార్యదర్శి, ఆ పైన మండలంలో ఎంపీడీఓ, అంటే మండల అభివృద్ధి అధికారి (తెలంగాణలో మధ్యలో ఎంపీఓ, మండల పంచాయతీ అధికారి కూడా ఉంటారు), ఆ పైన డివిజన్‌లో డీఎల్‌పీఓ (డివిజనల్ పంచాయతీ అధికారి), జిల్లాలో డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి), చివర కలెక్టర్. రెవెన్యూ పని అయితే తహసీల్దార్, ఆర్డీఓ, కలెక్టర్.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ఇప్పుడు పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అంటున్నారు, అంతకుముందు స్పందన. చాలామంది నేరుగా అక్కడికే వెళ్తారు. వెళ్ళొచ్చు, తప్పేం లేదు. కానీ అక్కడ ఇచ్చిన కాగితం ఎండార్స్ అయ్యి డీపీఓకి, అక్కడ్నుంచి ఎంపీడీఓకి, అక్కడ్నుంచి మళ్ళీ మీ ఊరి కార్యదర్శి దగ్గరికే వస్తుంది. కింద ఎక్కడా అర్జీ ఇవ్వకుండా వెళ్తే "మా దగ్గరికి రాలేదు" అని కింద వాళ్ళు రాసేస్తారు. కింద ఇచ్చిన కాపీ, దాని ఇన్‌వర్డ్ నంబర్ జత చేసి ఇస్తే ఆ మాట అనలేరు.

కలెక్టరేట్‌లో ఇచ్చాక రసీదు నంబర్ ఇస్తారు, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కొన్నాళ్ళకి "పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్ రావచ్చు, వెళ్ళి చూస్తే కాలువ అలాగే ఉంటుంది. అలా జరిగితే వదిలెయ్యొద్దు. అదే రోజు తేదీ పడేలా ఫోటో తీసి, పాత రసీదు నంబర్ రాసి, "పరిష్కారం కాకుండానే మూసివేశారు, మళ్ళీ తెరవండి" అని వచ్చే సోమవారం ఇవ్వండి.

8. ఆర్టీఐ వెయ్యడం

అర్జీ పని అడుగుతుంది, ఆర్టీఐ కాగితాలు అడుగుతుంది. ఈ తేడా తెలిస్తే ఆర్టీఐ సగం వచ్చేసినట్టే. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, దాంతో కాలువ పూడిక తియ్యమని అడగలేం, కానీ మన అర్జీ ఏమైంది, కాలువల పేరు మీద ఎంత ఖర్చు రాశారు, కొలతల పుస్తకంలో ఏముంది అని అడగొచ్చు. చాలాసార్లు ఆ ప్రశ్న వెళ్ళగానే పని కూడా కదులుతుంది.

ఫీజు మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసుకి ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు లాంటి పేదరిక రుజువు జత చేస్తే ఏ స్థాయిలోనూ ఫీజు లేదు. మామూలు సైజు కాపీలకి పేజీకి 2 రూపాయలు, అది వాళ్ళు లెక్క కట్టి చెప్పాక కట్టాలి. ఎందుకు అడుగుతున్నారు అని కారణం చెప్పక్కర్లేదు, చట్టంలో 6(2) సెక్షన్ అదే చెప్తుంది.

ఎవరికి రాయాలి అంటే "పౌర సమాచార అధికారి, ఫలానా ఆఫీసు" అని. పంచాయతీలో కార్యదర్శే, తహసీల్దార్ ఆఫీసులో చాలా చోట్ల డిప్యూటీ తహసీల్దార్. పేర్లతో బోర్డు ఆఫీసులో ఉండాలి. తప్పు ఆఫీసుకి వేసినా 6(3) కింద వాళ్ళే ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాలి.

ప్రశ్నలు ఇలా ఉండాలి:

- ____ తేదీన ఇన్‌వర్డ్ నం. ____ తో ఇచ్చిన అర్జీపై ఇప్పటివరకు తీసుకున్న చర్యల వివరాలు, నోట్ ఫైలుతో సహా కాపీలు.
- ఆ అర్జీ ప్రస్తుతం ఏ హోదా గల అధికారి వద్ద, ఏ తేదీ నుంచి ఉంది.
- ____ ఆర్థిక సంవత్సరంలో పారిశుద్ధ్యం కింద చేసిన ఖర్చుకు సంబంధించిన క్యాష్ బుక్ పేజీలు, బిల్లులు, వోచర్ల కాపీలు.
- అదే సంవత్సరం ____ వార్డులో చేసిన కాలువ పనుల ఎస్టిమేట్, ఎం-బుక్ కాపీలు.
- ____ నుంచి ____ వరకు గ్రామసభ తీర్మానాల కాపీలు.

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్, ఏఈ పని కొలిచి రాసేది. అందులో 80 మీటర్లు అని రాసుండి వీధిలో 50 మీటర్లే ఉంటే ఇంక మీరు ఎవరితోనూ వాదించక్కర్లేదు, టేపు పట్టుకుని కొలిచి ఫోటో తీస్తే చాలు.

ఇలా అడగొద్దు: "ఎందుకు చెయ్యలేదు?", "ఇది న్యాయమేనా?", "అవినీతి జరిగిందా లేదా?". వీటికి రికార్డులో జవాబు ఉండదు, సమాచారం కాదు అని తిప్పికొట్టేస్తారు. అలాగే పక్కింటాయన పెన్షన్ వివరాలు, ఉద్యోగి సొంత వివరాలు అడిగితే వ్యక్తిగతం అని ఇవ్వరు. పదేళ్ళ రికార్డు మొత్తం అడగడం కూడా మంచిది కాదు, పేజీల ఖర్చు మీదే, టైమూ పోతుంది. ఒక సంవత్సరం, ఒక పని పట్టుకోండి. ఎక్కువ కాగితాలుంటే "రికార్డు తనిఖీకి అనుమతించండి" అని అడగొచ్చు, వెళ్ళి చూసి కావాల్సిన పేజీలే కాపీ తీసుకోవచ్చు, మొదటి గంటకి ఫీజు లేదు.

9. ముప్పై రోజులు దాటితే

దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించినదైతే 48 గంటల్లో. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ మనకి కూడా గడువులు ఉన్నాయి.

- మొదటి అప్పీలు: జవాబు రాకపోతే 30 రోజులు అయిపోయిన తర్వాత, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే అది అందినప్పట్నుంచి, 30 రోజుల లోపు. సెక్షన్ 19(1). అదే శాఖలో పై అధికారికి. తిరస్కరిస్తూ జవాబిస్తే అందులోనే అప్పీలు ఎవరికి చెయ్యాలో వాళ్ళు రాయాలి, అసలు జవాబే రాకపోతే ఆఫీసు బోర్డు చూడండి. ఆయన 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి 45 రోజుల దాకా తీసుకోవచ్చు.
- రెండో అప్పీలు: ఆ తర్వాత 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. సెక్షన్ 19(3). ఇక్కడ ఆలస్యం అవుతుంది, ముందే చెప్తున్నా, ఓపిక పట్టాలి.

గడువు దాటాక ఇచ్చే కాపీలకి డబ్బులు తీసుకోకూడదు, 7(6) సెక్షన్. సరైన కారణం లేకుండా ఆపినట్టు కమిషన్ తేలిస్తే ఆ సమాచార అధికారి మీద రోజుకి 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా వెయ్యొచ్చు, అది ఆయన సొంత డబ్బు. ఇది బెదిరించడానికి వాడొద్దు. మొదటి అప్పీలులో మర్యాదగా "సెక్షన్ 7(1) గడువు ముగిసింది" అని రాస్తే చాలు, వాళ్ళకి మిగతాది తెలుసు.

10. డబ్బులు అడిగితే

సర్టిఫికెట్‌కి, సర్వేకి, మ్యుటేషన్‌కి (రికార్డులో పేరు మార్పుకి) ముందు మీసేవ లేదా సచివాలయం రేటు ఎంతో బోర్డు మీద చూడండి. రసీదు రానిది ఏదీ ఫీజు కాదు. ఎవరైనా రసీదు లేకుండా అడిగితే "రసీదు ఇస్తారా సార్" అని ఒక్క ముక్క అడగండి, సగం సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది.

ఆగకపోతే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్ ఫ్రీ నంబర్ 1064, రెండు రాష్ట్రాల్లోనూ అదే. ఫోన్ చేసే ముందు ఎవరు, ఏ పనికి, ఎంత, ఎప్పుడు అడిగారో రాసి పెట్టుకోండి. ఇచ్చేసిన తర్వాత కన్నా అడిగినప్పుడే చెప్పడం మంచిది. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ళ మీద కూడా కేసు ఉంటుంది, బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాళ్ళు ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెప్తే రక్షణ ఉంది. ఏడు రోజులు అన్నది గుర్తుంచుకోండి.

ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఉండే దళారీ సంగతి వేరే. ఆయన చేసేది చాలాసార్లు మనం చేసుకోగలిగిందే, ఫారం నింపడం, తపాల్‌లో ఇవ్వడం. చదువు రాని పెద్దవాళ్ళు ఆయన్ని ఆశ్రయించేది వేరే దారి లేక. మీ వీధిలో అలాంటి వాళ్ళుంటే ఒక అర్జీ మీరు రాసిపెట్టండి, పదిహేను నిమిషాల పని, వాళ్ళకి ఒకరోజు కూలి మిగులుతుంది.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి దారి

కాపీ లేకుండా అర్జీ ఇచ్చేశారు. మళ్ళీ రాసి, "____ తేదీన ఇచ్చిన అర్జీకి కొనసాగింపు" అని పెట్టి ఈసారి నంబర్ తీసుకోండి.

ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయ్యారు. అర్జీ పేరు మీద కాకుండా హోదా మీద రాసుంటే ఏం కాదు, కొత్తవాళ్ళకి నంబర్ చూపిస్తే చాలు. పేరు మీద రాసుంటే చిన్న రిమైండర్ ఇవ్వండి.

జనన నమోదు టైమ్‌కి చెయ్యలేదు. 21 రోజుల లోపు ఉచితం, 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అక్కడే అవుతుంది, ఆ పైన అయితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఎంత ఆలస్యమైతే అంత తిరగాలి కాబట్టి ఈ ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యకండి. ఆసుపత్రిలో పుట్టినా, వాళ్ళు పంపారో లేదో ఒకసారి కనుక్కోండి.

వీధి తగాదాని అర్జీలోకి తెచ్చారు. ఎదురింటివాళ్ళ మీద పగ ఉంటే అది అర్జీలో కనిపిస్తుంది, ఆఫీసర్లు రెండు వైపులా పిలిచి రాజీ చేసుకోమని వదిలేస్తారు. మనిషి పేరు తీసేసి స్థలం, కొలత మాత్రమే రాసి కొత్త అర్జీ ఇవ్వండి.

పార్టీవాళ్ళ ద్వారా మాత్రమే ప్రయత్నించారు. చెప్పించుకోండి, కాదనను, చిన్న ఊళ్ళో అది సహజం. కానీ అర్జీ వేరేగా మీ పేరు మీద వెళ్ళాలి, రేపు ఆ నాయకుడి మాట చెల్లనప్పుడు కూడా అది బతికి ఉంటుంది.

పని సగం చేసి అయిపోయింది అన్నారు. అదే రోజు ఫోటో, మిగిలిన మీటర్లు రాసి పాత నంబర్‌తో ఇంకో కాగితం ఇవ్వండి. నోటితో ఒప్పుకుని వచ్చేస్తే ఫైలు మూసేస్తారు.

ఇంట్లో ఒక ఫైలు పెట్టుకుని అందులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- అర్జీ కాపీ, ఇన్‌వర్డ్ నంబర్, సీల్‌తో
- ఫోటోలు, తీసిన తేదీలతో
- పోస్టు స్లిప్పులు, డెలివరీ రుజువు
- ఎవర్ని ఏ రోజు కలిశారు, ఏం చెప్పారు అని ఒక పేజీ
- సోమవారం అర్జీ రసీదు, వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు
- ఆర్టీఐ దరఖాస్తు, ఫీజు రసీదు, 30వ రోజు ఏ తేదీకి పడుతుందో
- మొదటి అప్పీలు, రెండో అప్పీలు చివరి తేదీలు

సంతకం పెట్టినవాళ్ళలో ఇంకొకరి దగ్గర కూడా ఈ ఫైలు జిరాక్స్ సెట్ ఒకటి ఉంచండి, మీరు ఊళ్ళో లేనప్పుడు ఫాలో అప్ వాళ్ళు చేస్తారు.